తేదీ వెయ్యని సంతకం

ఆ ఊళ్ళో లిఫ్టులన్నిటికీ ఆయనే వైద్యుడు. ఇరవై ఏళ్ళుగా మూలపడి తుప్పు పట్టిన లిఫ్టు కూడా, ఆయన పానా పట్టుకుని గుమ్మంలోకొస్తే, సిగ్గుపడి లేచి నిలబడుతుందని చెప్పుకుంటారు. అందుకే అందరూ ఆయన్ని లిఫ్టాయన అంటారు. అలాంటి లిఫ్టాయన సోమవారం పొద్దున్నే సైన్యం రికార్డు ఆఫీసుకెళ్తే, అక్కడి లిఫ్టు తలుపుకి అట్టముక్క వేలాడుతోంది. "మరమ్మతులో ఉంది."

లిఫ్టాయన ఒకసారి చెవి పెట్టి విన్నాడు. సందులోంచి చూశాడు. పై తలుపు దగ్గర చిన్న చక్రం ఒకటి పక్కకి ఒరిగింది, అంతే. నాలుగు నిమిషాల పని. అదే చెప్పాడు గేటు మనిషికి. గేటు మనిషి కుర్చీలోంచి లేవకుండానే, దీనికి వేరే కంపెనీ ఉందనీ, వాళ్ళు తప్ప ఎవరు ముట్టుకున్నా తన ఉద్యోగం పోతుందనీ చెప్పాడు. మరి వాళ్ళెప్పుడొస్తారని అడిగితే, తను ఇక్కడ చేరినప్పటి నుంచీ వస్తున్నారన్నాడు.

రికార్డు సెక్షను నాలుగో అంతస్తు. తొంభై ఆరు మెట్లు. మూడో అంతస్తు దాటేసరికి లిఫ్టాయన మోకాళ్ళు రెండూ ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి. ఒక్కో మలుపులో ఆగి, పక్కనే ఖాళీగా వేలాడుతున్న ఆ లిఫ్టు తాళ్ళ వంక చూసి పళ్ళు కొరుక్కున్నాడు.

ఏడాదిలో పదకొండు నెలలు ఆయన లిఫ్టాయన. మిగిలిన నెల మాత్రం కెప్టెను. వరదొచ్చిందంటే కబురొస్తుంది, పానా పక్కన పడేసి ఖాకీ తొడుక్కుని వెళ్ళిపోతాడు. పడవలు వరసగా కట్టి, వాటిమీద పలకలు పరిచి, తెల్లారేలోపు లారీలు నడిచే వంతెన కట్టే దళం వాళ్ళది. ఒకసారి వాళ్ళు కట్టిన వంతెన ఎంత గట్టిగా ఉందంటే, వరద తగ్గాక నది దాన్ని వదల్లేక పక్కకి జరిగి పారిందట. నేను చూడలేదు, చూసినవాళ్ళు చెప్పారు.

రికార్డు సెక్షనులో కూర్చునే ఆవిడకి రెండు కళ్ళజోళ్ళు. ఒకటి ముక్కు మీద, ఒకటి నెత్తిమీద. వేలికి రబ్బరు తొడుగు. సైన్యంలో ఎవరు ఎప్పుడు చేరారో, ఎప్పుడు ఎదిగారో, ఎప్పుడు ఇంటికి పోవాలో అన్నీ ఆవిడ బీరువాల్లోనే ఉంటాయి. తేదీలమ్మ అంటారు ఆవిడని, ఎదురుగా కాదు.

లిఫ్టాయన దరఖాస్తు చూసి తేదీలమ్మ చెడ్డగా ఏం మాట్లాడలేదు పాపం. కుర్చీ చూపించింది, ఊపిరి తీసుకోమంది, మంచినీళ్ళిచ్చింది.

"కొత్త రూలు మీకు కలిసొచ్చిందండీ కెప్టెన్ గారూ. ఇదివరకు కెప్టెను సర్వీసు హెడ్డాఫీసు ముద్ర పడ్డ రోజు నుంచి లెక్క. ఇప్పుడు మీ పైఆఫీసరు సిఫార్సు మీద సంతకం పెట్టిన రోజు నుంచి లెక్క."

"దానికోసమేనమ్మా ఈ కొండెక్కింది."

"మరి సంతకం పెట్టిన రోజేదీ?"

ఫైలు ఆయన వైపు తిప్పింది. ఆ ఫైలు మీద దుమ్ము ఎంతుందంటే గింజలు చల్లితే మొలుస్తాయి. లోపల, ఆయన్ని కెప్టెను చెయ్యమన్న సిఫార్సు కింద, పాత మేజరుగారి సంతకం దర్జాగా, కాగితంలో సగం ఆక్రమించుకుని ఉంది. దాని పక్కన "తేదీ" అని అచ్చుపడి, చుక్కలు. ఆ చుక్కల మీద చీమ కూడా నడిచిన గుర్తు లేదు. కింద మూలన హెడ్డాఫీసు ముద్ర మాత్రం ఉంది. అది పడింది సంతకం పెట్టిన ఏడాదిన్నర తర్వాత.

ఇదీ లెక్క. మేజరు చెయ్యాలా వద్దా అని తేల్చే బోర్డు శుక్రవారం కూర్చుంటుంది. ఆ బోర్డు ముందుకి వెళ్ళాలంటే కెప్టెనుగా ఏడేళ్ళు నిండాలి. ముద్ర తేదీ పట్టుకుంటే ఐదున్నరేళ్ళు. సంతకం తేదీ పట్టుకుంటే ఏడేళ్ళ మీద పదమూడు రోజులు. పైనెల్లో లిఫ్టాయనకి యాభై రెండు నిండుతాయి. యాభై రెండు నిండిన రిజర్వు ఆఫీసర్ని ఏ హోదాలో ఉంటే ఆ హోదాలోనే దండేసి ఇంటికి పంపిస్తారు. ఈ శుక్రవారం తప్పితే ఆయనకి ఇంకో శుక్రవారం లేదు.

"ఆగస్టు తొమ్మిదమ్మా. నాకు బాగా గుర్తు. వరద క్యాంపులో."

"మీకు గుర్తుంటే సరిపోదండీ. సంతకం పెట్టినాయన రాసివ్వాలి, ఫలానా రోజు పెట్టాను, తేదీ వెయ్యడం మానేశాను అని. ఆయన రిటైరయ్యారు కాబట్టి ఆ రోజు అక్కడున్న ఇంకొకరు వచ్చి నా ఎదురుగా సాక్షి సంతకం పెట్టాలి. గురువారం ఐదింటి లోపల. ఐదు దాటితే ఈ దిద్దుబాట్ల కిటికీ మూసేస్తాం, మళ్ళీ తెరవం."

ఇంటికొచ్చేసరికి భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఆయన ఖాకీ చొక్కా ఒళ్ళో వేసుకుంది. ఆవిడది బట్టలు కుట్టే కొట్టు. కెప్టెను పట్టీలు విప్పి మేజరు పట్టీలు వెయ్యడానికి కత్తెర కూడా తీసింది. పదేళ్ళుగా వాళ్ళ వీధిలో అందరి భుజాలకీ కొలతలు తీసి కుట్టింది గానీ, మేజరు భుజాలు కుట్టే యోగం రాలేదని ఆవిడ బాధ.

"పాతవి విప్పెయ్యనా ఏమండీ?"

ఆగమన్నాడు, గురువారం చెప్తానన్నాడు. అన్నం తింటున్నంతసేపూ తేదీ వెయ్యని మేజర్ని తిట్టాడు. ఆవిడ ఊకొడుతూ విని, అంత పెద్ద సంతకం పెట్టిన మనిషికి నాలుగంకెలు వెయ్యడానికి సిరా అయిపోయిందేమో అంది.

*

పాత మేజరుగారు అసలు వృత్తికి పళ్ళ డాక్టరు. ఆయన కాలంలో ఈ యాభై రెండు రూలు లేదు, అరవై ఐదు దాకా దళంలోనే ఉన్నాడు. డెబ్బై దాటి కొట్టు మూసేసినా, పళ్ళ కుర్చీ మాత్రం ముందు గదిలోనే పెట్టుకున్నాడు. ఇంటికొచ్చిన చుట్టాల్ని కూడా అందులోనే కూర్చోబెడతాడు. మంగళవారం లిఫ్టాయన వెళ్ళేసరికి, ఏ పనిమీదొచ్చావని కూడా అడక్కుండా అందులో కూలేసి, దీపం వెలిగించి, "నోరు తెరువు" అన్నాడు.

మనిషికి జ్ఞాపకం పోయింది. లిఫ్టాయన పేరు గుర్తు లేదు, దళం పేరు గుర్తు లేదు, సిఫార్సు సంగతి అసలే గుర్తు లేదు. నోట్లోకి చూశాడో లేదో మొహం వెలిగిపోయింది.

"ఒరేయ్, కింద ఎడమ దవడ. ఇది నేను పీకిందే. పడవలో పీకాను. తాడు ముళ్ళు విప్పే పట్టకారుతో."

లోపల్నుంచి చిట్టా తెచ్చాడు. నలభై ఏళ్ళలో పీకిన ప్రతి పన్నూ అందులో ఉంది, ఎవరిది, ఎక్కడిది, ఎన్ని వేళ్ళున్నాయి, పీకేటప్పుడు ఏమని తిట్టారు అన్నీ. ఒక్కో పేజీ తిప్పుతూ ఒక్కో పన్ను కథా చెప్పాడు. గంటన్నర. లిఫ్టాయన ఆ కుర్చీలో వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ, గురువారానికి ఎన్ని గంటలుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. చివరికి దొరికింది. ఆగస్టు తొమ్మిది. కింద ఎడమ దవడ. రెండు వేళ్ళు. తిట్టలేదు, సిఫార్సు మీద అప్పుడే సంతకం పెట్టించుకున్నాడు కనక.

పన్ను పీకిన తేదీ వేసిన మనిషి, పక్కనే ఉన్న కాగితం మీద వెయ్యలేదు. అది చూసేసరికి లిఫ్టాయనకి ఒళ్ళు మండింది.

"కలం ఇంకో రెండు వేళ్ళు పక్కకి జరిపితే సరిపోయేది కదండీ డాక్టరుగారూ. నా ఏడాదిన్నర ఆ రెండు వేళ్ళ సందులో పడిపోయింది."

డాక్టరు నొచ్చుకోలేదు. దీపం ఆర్పి, పక్క బల్ల మీద కూర్చున్నాడు.

"అందరం అంతేరా. మన దళంలో ఎవడైనా వేశాడా? తేదీ వేస్తే, కాగితం ఆలస్యమైనప్పుడు ఎవరి దగ్గర ఆగిందని అడుగుతారు. వెయ్యకపోతే ఎవరూ ఎవర్నీ అడగరు. ఆఫీసోళ్ళు పంపించేరోజు వాళ్ళే వేసుకుంటారు. పన్ను సంగతి వేరు. పన్ను నాది, దానికి జవాబు నేనే చెప్పాలి."

రాసివ్వమంటే రాసిచ్చాడు. మొదటిసారి రాసింది మందుల చీటీలా ఉంది, ఎవరికీ అర్థం కాదు. రెండోసారి ఊరి పేరు దగ్గర ఆగిపోయాడు. మూడోసారి అంతా బాగా రాసి చివర్లో రోజుకి రెండుసార్లు ఉప్పునీళ్ళతో పుక్కిలించమని రాశాడు. నాలుగోది పనికొచ్చింది, మధ్యలో పన్ను సంగతి ఉన్నా. ఇంక ఐదోది రాయించే ఓపిక లిఫ్టాయనకి లేదు.

*

సాక్షి దొరకడం కష్టం కాలేదు. ఆ రోజు పడవలో లిఫ్టాయన తల కదలకుండా పట్టుకున్నది టీచరమ్మ. అప్పుడు సార్జెంటు, ఇప్పుడు ఆవిడా కెప్టెనే, దళంలో ఆయన తర్వాత ఆవిడే. మిగతా రోజుల్లో బళ్ళో లెక్కలు చెబుతుంది.

బుధవారం మధ్యాహ్నం బడి విరామంలో వెళ్ళాడు. టీచరమ్మ చేతులనిండా సుద్దపొడి. సంచిలోంచి జేబుపుస్తకం తీసింది. వరదలో గంటగంటకీ నీళ్ళెంత పెరిగాయో రాసే పుస్తకం అది, ఎప్పుడూ పారెయ్యదు. ఆగస్టు తొమ్మిది, మధ్యాహ్నం రెండింటికి నీళ్ళు కొలబద్ద మీద పదకొండో గీత. దాని పక్కనే చిన్న అక్షరాల్లో, మేజరుగారు సంతకం పెట్టారు, సారుకి పన్ను పీకారు.

లిఫ్టాయనకి ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలో మూడు రోజుల కడుపుమంటంతా అక్కడే కక్కేశాడు. మెట్లు, లిఫ్టు, గేటు మనిషి, ఉప్పునీళ్ళు అన్నీ చెప్పాడు.

"అసలు ఇలా తేదీ వెయ్యకుండా సంతకాలు పారేసేవాళ్ళకి ఏం చెప్పాలి టీచరమ్మా? అవతలివాడి బతుకు ఆ చుక్కల మీద వేలాడుతుందని ఒక్క క్షణం ఆలోచించరు. చేతులు విరిగాయా వాళ్ళకి?"

టీచరమ్మ ఆయన మొహంలోకి కాసేపు చూసింది. ఏదో అనబోయినట్టు పెదాలు కదిలాయి. గంట కొట్టారు. సుద్దపొడి చేతులు దులుపుకుని లేచింది.

"రేపు మూడింటికల్లా వస్తాను సార్. సగం పూట సెలవు పెడతాను. ఆవిడ ఎదురుగానే సంతకం పెట్టాలి కదా."

ఎంత మంచి మనిషి అనుకుంటూ వచ్చేశాడు లిఫ్టాయన.

*

గురువారం ఇద్దరూ తొంభై ఆరు మెట్లూ ఎక్కారు. అట్టముక్క అలాగే వేలాడుతోంది. ఒరిగిన చక్రం అలాగే ఉంది. తేదీలమ్మ ఎదురుగా పదకొండు మంది వరసలో ఉన్నారు, అందరూ తేదీల కోసమే. ఒకాయన తేదీ దిద్దితే చేరకముందే సార్జెంటు అయినట్టు వచ్చిందట. దాన్ని సరిచెయ్యడానికి చేరిన తేదీ వెనక్కి జరిపితే పుట్టకముందే చేరినట్టు వచ్చిందట. ఆయన వారం నుంచీ ఇక్కడే ఉంటున్నాడు, మంచినీళ్ళ కుండ ఆయనే నింపుతున్నాడు.

వీళ్ళ వంతు వచ్చేసరికి నాలుగు దాటింది. తేదీలమ్మ పళ్ళ డాక్టరు కాగితం చదివి, నెత్తిమీద కళ్ళజోడు కిందకి దించి మళ్ళీ చదివింది.

"ఇందులో పన్నెందుకుందండీ?"

లిఫ్టాయన గబగబా చెప్పడం మొదలుపెట్టాడు. పడవ, పట్టకారు, చిట్టా. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఉండనీండి. పన్ను వల్ల తేదీ చెడదు లెండి."

టీచరమ్మ సాక్షి సంతకం పెట్టింది. తేదీలమ్మ సన్నటి తెల్లచీటీ కత్తిరించి, ఎర్ర సిరాతో ఆగస్టు తొమ్మిది అని రాసి, వెనక జిగురు పూసి, ఆ ఖాళీ చుక్కల మీద అతికించింది. స్కేలు పెట్టి నొక్కింది. పక్కన ముద్ర కొట్టింది. అంతే, లిఫ్టాయన ఏడేళ్ళ పదమూడు రోజుల కెప్టెను అయిపోయాడు. బోర్డుకి వెళ్ళే ఫైళ్ళ దొంతర్లో పైన పెట్టింది ఆవిడ. లిఫ్టాయనకి ఆ గదిలో పాత కాగితాల కంపు కూడా కమ్మగా తగిలింది.

లేవబోతుంటే తేదీలమ్మ టీచరమ్మ వైపు తిరిగింది.

"మీది కూడా ఇవాళే ఆఖరు కదమ్మా? మొన్న వచ్చి తేదీ లేని ఫైళ్ళ జాబితాలో చూసుకెళ్ళారు."

"నాది పర్లేదండీ" అంది టీచరమ్మ. సంచి భుజానికి తగిలించుకుంది.

"పర్లేదేంటమ్మా? పధ్నాలుగు నెలలు పోతాయి. ఆ పధ్నాలుగు నెలలు కలిస్తే సీనియరు మీరే అవుతారు, కెప్టెన్ గారి తర్వాత దళం మీ చేతికొస్తుంది. లేకపోతే స్టోర్సు నుంచి ఆయనెవర్నో వేస్తారు."

ఆ స్టోర్సాయన లిఫ్టాయనకి తెలుసు. దుప్పట్లు లెక్కపెట్టడంలో గట్టివాడు. నదిని పటంలో చూశాడు.

తేదీలమ్మ ఇంకో ఫైలు లాగి బల్లమీద పరిచింది. టీచరమ్మని కెప్టెను చెయ్యమని సిఫార్సు. కింద సంతకం, గట్టిగా బిగించిన నట్టులా గుండ్రంగా ఉంది. పక్కన "తేదీ" అని అచ్చుపడి, చుక్కలు.

ఆ సంతకం లిఫ్టాయనది.

 లిఫ్టాయనకి అంతా కళ్ళముందుకొచ్చింది. లారీ బానెట్టు మీద పెట్టి సంతకం చేశాడు, ఇంకో చేతిలో టీ గ్లాసు. టీచరమ్మ పక్కన నిలబడి, "సార్, తేదీ?" అంది. "ఆఫీసోళ్ళు వేసుకుంటార్లే టీచరమ్మా" అన్నాడు. ఆఫీసోళ్ళు వేసుకున్నది ముద్ర ఒక్కటే, పధ్నాలుగు నెలల తర్వాత.

"చెప్పలేదేం?" అన్నాడు. 

"మీ శుక్రవారం అయ్యాక చెబుదామనుకున్నాను సార్."

అయ్యాక చెప్పడానికేం ఉండదని ఆ లెక్కల టీచరుకి తెలియదా.

తేదీలమ్మ రబ్బరు తొడుగు వేలికి సర్దుకుంది. చెప్పక తప్పదన్నట్టు మెల్లగా చెప్పింది. సంతకం పెట్టిన ఆఫీసరు సర్వీసులో ఉంటే సాక్షి అక్కర్లేదు, ఆయన ఒక్క కాగితం రాసిస్తే చాలు. కాకపోతే డాక్టరుగారు ఇంటికెళ్ళిపోయిన మనిషి, ఆయన్ని ఎవరూ ఏమీ అనరు. సర్వీసులో ఉన్నాయన రాస్తే అది ఆయన తప్పు ఒప్పుకున్నట్టు. ఆయన ఫైల్లో రిమార్కుగా ఎక్కుతుంది. రిమార్కు ఉన్న ఫైలు ఈ బోర్డు చూడదు, వచ్చే బోర్డుకి తోసేస్తుంది.

"మీకు వచ్చే బోర్డు లేదండీ కెప్టెన్ గారూ. రాయమని నేను అనట్లేదు. రాయొద్దనీ అనను."

"నేను అడగట్లేదు సార్" అంది టీచరమ్మ. "పదండి, మెట్లు దిగాలి."

గోడ మీద గడియారం నాలుగూ ముప్పై ఐదు. దొంతరలో పైనున్న తన ఫైలు వైపు చూశాడు లిఫ్టాయన. చీటీ అంచు దగ్గర జిగురు ఇంకా తడిగా మెరుస్తోంది. చేతులు విరిగాయా అని నిన్న అరిచిన అరుపు చెవిలోనే తిరుగుతోంది. టీచరమ్మ నిన్న ఆ అరుపంతా విని, దులుపుకుని, సెలవు పెట్టి మరీ వచ్చింది. ఏడేళ్ళ కిందట పడవలో ఆయన నెత్తురు ఉమ్ముతుంటే తల పట్టుకున్నట్టే.

కుర్చీ మళ్ళీ ముందుకి లాక్కున్నాడు.

"ఒక తెల్లకాగితం ఇవ్వమ్మా."

"సార్" అంది టీచరమ్మ.

"నువ్వుండు. ఆ రోజేదో చెప్పు. నాకు గుర్తు లేదు." అది చెప్పడానికి ఆయనకి ఎక్కువ సిగ్గేసింది.

టీచరమ్మ జేబుపుస్తకం తియ్యలేదు. తియ్యకుండానే చెప్పింది. "మార్చి పద్దెనిమిది. శనివారం."

లిఫ్టాయన రాయడం మొదలుపెట్టాడు. పానా పట్టే చెయ్యి, అక్షరాలు ఒక్కోటి బిగించినట్టు పడుతున్నాయి. ఫలానా రోజు సంతకం పెట్టాను. తేదీ వెయ్యలేదు. ఆవిడ అడిగినా వెయ్యలేదు. ఆ మూడో వాక్యం అక్కర్లేదని తేదీలమ్మ గొణిగింది. అయినా ఉంచాడు. కింద సంతకం పెట్టాడు. గడియారం ఐదుకి ఎనిమిది నిమిషాలు తక్కువ.

తేదీలమ్మ అప్పటికే ఎర్ర సిరా మూత తీసి చీటీ కత్తిరిస్తోంది. తల ఎత్తకుండానే చెయ్యి చాపింది.

"ఇలా ఇచ్చెయ్యండి, టైమవుతోంది. తేదీ నేను వేసుకుంటాను."

కాగితం ఆవిడ వేళ్ళదాకా వెళ్ళింది. లిఫ్టాయన వెనక్కి లాక్కున్నాడు. బల్లమీద పెట్టి, అరచేత్తో సాపు చేసి, సంతకం పక్కకి కలం జరిపాడు. సరిగ్గా రెండు వేళ్ళు. రోజు, నెల, సంవత్సరం, ఒక్కో అంకె పెద్దగా, చిన్నపిల్లాడు పలకమీద దిద్దినట్టు వేశాడు. సిరా ఆరేదాకా ఊది, అప్పుడిచ్చాడు.

తేదీలమ్మ టీచరమ్మ చీటీ అతికించింది. తర్వాత దొంతరలో పైనున్న ఫైలు తీసి, లిఫ్టాయన రాసిన కాగితం అందులో గుచ్చి, ఆ ఫైలు బీరువాలో పెట్టింది.

 మెట్లు దిగుతుంటే రెండో అంతస్తు మలుపులో టీచరమ్మ, నీళ్ళు పెరుగుతున్నాయట సార్, పైన వానలట, అంది. పడవ తాళ్ళు మార్చాలి, స్టోర్సాయన్ని అడిగి కొత్తవి లాక్కో, అన్నాడాయన. ఇంక అడగాల్సింది నువ్వే అని చెప్పకుండానే ఆవిడకి అర్థమైంది.

కిందకి రాగానే ఫోను మోగింది. భార్య. వెనక కుట్టుమిషను చక్రం గరగరమంటోంది.

"ఏమండీ, అయ్యిందా పని? పాత పట్టీలు విప్పెయ్యనా?"

"అయ్యింది. పట్టీలు మాత్రం విప్పకు, ఉండనీ."

మిషను ఆగింది.

"అదేంటి? మళ్ళీ తేదీ వెయ్యలేదా వాళ్ళు?"

లిఫ్టాయన లిఫ్టు తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. అట్టముక్క వీపుకి గుచ్చుకుంది.

"వాళ్ళు కాదే. నేనే వేశాను. ఇవాళ్టి తేదీ."